ఏసీ గార్డ్స్ మర్ఫా, అమెరికా జాజ్, మన డోలు

ఖైరతాబాద్ నుంచి మాసబ్ ట్యాంక్ వైపు వెళ్లే తోవలో ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. పని మీద హైదరాబాద్ వచ్చే ఆదివాసీ ఉపాధ్యాయులకు, ఉద్యోగులకు ఆ తోవ కొత్త కాదు. నాంపల్లిలో రైలు దిగినా, ఇమ్లీబన్‌లో బస్సు దిగినా చివరికి మనం చేరేది మాసబ్ ట్యాంక్‌లోని దామోదరం సంజీవయ్య సంక్షేమ భవన్‌కే. గిరిజన సంక్షేమ శాఖ కాగితాలు తిరిగేది అక్కడే. గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ, నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉన్నదీ అక్కడే. ఆ మ్యూజియంలో మన డోళ్లు, మన కొమ్ములు అద్దాల వెనుక కనిపిస్తాయి. దానికి కూతవేటు దూరంలో, అద్దాల వెనుక కాకుండా వీధిలోనే మోగే ఇంకో డోలు ఉంది. దాన్ని మర్ఫా అంటారు. వాయించేవాళ్లు సిద్దీలు. వాళ్ల పూర్వీకులది ఆఫ్రికా.

ఏసీ గార్డ్స్ అన్న పేరులో ఏసీ అంటే చల్లగాలి యంత్రం కాదు. ఆఫ్రికన్ కావల్రీ, అంటే ఆఫ్రికా వాళ్ల గుర్రపు దళం. నిజాం కొలువులో అంగరక్షకులుగా, గుర్రపు సైనికులుగా పనిచేసిన ఆఫ్రికా జనం కాపురమున్న చోటు కాబట్టి ఆ బస్తీకి ఆ పేరు నిలిచింది. దళం పోయినా పేరు మాత్రం బస్సు బోర్డుల మీద మిగిలింది.

అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతం గురించి మన పిల్లలకు చెప్పాలంటే మనం న్యూయార్క్ నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఈ బస్తీ నుంచే మొదలుపెట్టవచ్చు. ఒకే ఖండం నుంచి జనాన్ని రెండు దిక్కులకు తీసుకుపోయారు. పడమటి సముద్రం దాటినవాళ్ల డోలు నుంచి బ్లూస్, జాజ్ పుట్టాయి. తూర్పు సముద్రం దాటి వచ్చినవాళ్ల డోలు మన హైదరాబాద్‌లో మర్ఫా అయింది. ఒకటి ప్రపంచమంతా మోగింది. ఇంకొకటి పెళ్లి బారాత్‌ల దగ్గరే ఆగిపోయింది. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే మన గూడెంలో మోగే డోలు రేపు ఏమవుతుందో కూడా కొంత తెలుస్తుంది.

తూర్పుకు వచ్చినవాళ్లు

ఆఫ్రికా తూర్పు తీరం నుంచి అరబ్బు వర్తకుల ఓడల్లో దక్కనుకు జనం రావడం నిన్న మొన్నటి సంగతి కాదు. కొందరు బానిసలుగా అమ్ముడుపోయి వచ్చారు, కొందరు సైనికులుగా వచ్చారు. వాళ్లను హబ్షీలని, సిద్దీలని పిలిచారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి దిక్కయ్యాడు. మొగలు సైన్యాలను ఏళ్ల తరబడి ఆపాడు. 1626లో చనిపోయేనాటికి దక్కను చరిత్రలో ఆయన పేరు చెరపలేనిది.

ఆసఫ్‌జాహీల కాలంలో సిద్దీలు హైదరాబాద్ సంస్థానం కొలువులోకి వచ్చారు. వనపర్తి సంస్థానంలో ఉన్న ఆఫ్రికా అంగరక్షక దళం నిజాంకు చేరిందని చరిత్ర చెప్తుంది. నమ్మకమైన కావలివాళ్లని వాళ్లకు పేరు. అదే కాలంలో యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులూ నిజాం సైన్యంలో చేరారు. ఊళ్లో వాళ్లను చావుష్‌లంటారు. వాళ్ల బ్యారక్‌లున్న చోటే ఇప్పటి బార్కస్. ఆఫ్రికా దెబ్బ, అరబ్బు దెబ్బ కలిసి హైదరాబాద్‌లో మర్ఫా అయింది. చేత్తో కొట్టే దఫ్, మెడకు వేసుకునే ఢోల్, లోహపు బిందె, చెక్కలు ఇవే దాని సామాను. పాట కన్నా దెబ్బకే పెద్దపీట. కత్తి, కర్ర పట్టి ఆడే ఆటా దానితో ఉంటుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యంతో పాటు ఆ దళమూ పోయింది. తరాలుగా గుర్రం, కత్తి తప్ప ఇంకో పని నేర్వని కుటుంబాలకు ఒక్కసారిగా జీతం ఆగింది. దొరికిన చిన్న పని చేసుకుని బతికారు. వాళ్ల చేతిలో మిగిలిన ఆస్తి ఆ దెబ్బ ఒక్కటే. పెళ్లిళ్లకు, పండుగలకు, ఎన్నికల ఊరేగింపులకు మర్ఫా కట్టి వెళ్లారు. హైదరాబాద్ జనం తీన్‌మార్ అని పిలుచుకునే చిందు దెబ్బలో మర్ఫా పాలు చాలా ఉంది. తీన్‌మార్ తెలియని పిల్లవాడు తెలంగాణలో లేడు. మర్ఫా ఎవరిదో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

ఇంకో మాట ఇక్కడే చెప్పుకోవాలి. ఆ సిద్దీలు కాపలా కాసిన నిజాం రాజ్యంలోనే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ నేలకొరిగాడు. అందుకని ఏసీ గార్డ్స్ జనాన్ని మనం శత్రువులుగా చూడాల్సిన పని లేదు. రాజు కొలువులో తుపాకీ పట్టినవాడూ, రాజు తుపాకీకి గురైనవాడూ ఇద్దరూ తమ నేల మీద హక్కు పోగొట్టుకున్నవాళ్లే. ఒకరిని వాళ్ల నేల నుంచి లాక్కొచ్చారు. ఇంకొకరి నేలనే వాళ్ల కాళ్ల కింద నుంచి లాగారు.

పడమటికి పోయినవాళ్లు

అట్లాంటిక్ సముద్రం మీదుగా నాలుగు వందల ఏళ్ల కాలంలో దాదాపు 1.25 కోట్ల మంది ఆఫ్రికా జనాన్ని ఓడల్లోకి ఎక్కించారని చరిత్రకారుల లెక్క. దారిలోనే లక్షల మంది చనిపోయారు. మిగిలినవాళ్లను చెరకు, పత్తి, పొగాకు తోటల్లో బానిసలుగా వాడుకున్నారు. భాష పోయింది. పేరు పోయింది. తల్లిని, బిడ్డను వేరు వేరు దొరలకు అమ్మారు.

డోలును కూడా వదల్లేదు. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో నది దగ్గర బానిసలు తిరుగుబాటు చేశారు. డోళ్లు కొడుతూ, కేకలు వేస్తూ మిగతావాళ్లను కూడగట్టారు. తిరుగుబాటును అణచిన తర్వాత 1740లో తెచ్చిన చట్టం బానిసల దగ్గర డోలు, కొమ్ము ఉండకూడదని చెప్పింది. డోలు మాట్లాడుతుందని దొరలకు అర్థమైంది. గుట్ట మీద తుడుం మోగితే ఎన్ని గూడేలు కదులుతాయో తెలిసిన మనకు ఈ చట్టం ఎందుకు వచ్చిందో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

డోలు తీసేస్తే వాళ్లు చేతులు చరిచారు, కాళ్లతో నేలను కొట్టారు. పొలంలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు బదులు పాడారు. మన రేలా పాటలో ఒకరు అందుకుంటే వరస వరసంతా తిరిగి పాడినట్టే అది.

లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్ ఊరి సంగతి కొంచెం వేరు. అక్కడ మొదట ఫ్రెంచివాళ్లు, తర్వాత స్పెయిన్‌వాళ్లు ఏలారు. 1803లో ఆ ప్రాంతాన్ని అమెరికా కొనుక్కుంది. ఆ ఊళ్లో బానిసలకు ఆదివారం కొంత వెసులుబాటు ఉండేది. ఊరి అంచున ఒక మైదానంలో చేరి సంత పెట్టుకునేవాళ్లు, డోళ్లు కొట్టి వలయాలుగా ఆడేవాళ్లు. 1817లో ఊరి పాలకులు అలాంటి ఆటపాటలు ఆదివారం నాడు ఒక్క చోటనే జరగాలని కట్టడి చేశారు. ఆ చోటే కాంగో స్క్వేర్‌గా పేరుపడింది. ఆఫ్రికా దెబ్బ అమెరికాలో బతికి బట్టకట్టిన చోటుగా దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జాజ్ ఎలా కుదిరింది

1865లో అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం చట్టరీత్యా పోయింది. సైనిక బ్యాండ్లలో వాడిన ఇత్తడి బాకాలు, డ్రమ్ములు చౌకగా దొరికాయి. నల్లవాళ్లు బ్యాండ్లు కట్టుకుని పండుగలకు, చావులకు వాయించసాగారు. శ్మశానానికి పోయేటప్పుడు నెమ్మదైన భక్తి పాట, తిరిగి వచ్చేటప్పుడు చిందు వేయించే దెబ్బ. చావు దగ్గర డోలు మోగడం మన కోయ గూడేల్లోనూ ఉన్నదే.

ఆ ఊళ్లో క్రియోల్‌లు అనే మిశ్రమ జనం ఉండేవాళ్లు. కొందరు చదువుకున్నవాళ్లు, పాశ్చాత్య సంగీతం కాగితం చూసి వాయించగలిగినవాళ్లు. ఆ జనంలోని హోమర్ ప్లెసీ 1892లో తెల్లవాళ్ల రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు వేరు పెట్టెలు న్యాయమేనని తీర్పు ఇచ్చింది. చదువున్నా, తెల్లరంగు కాస్త ఉన్నా నల్లవాడు నల్లవాడేనని చట్టం గిరి గీసింది. దాంతో కాగితం చూసి వాయించేవాళ్లు, చెవితో విని వాయించేవాళ్లు ఒకే గుంపులోకి వచ్చారు. పొలం పాట, చర్చి పాట, బ్లూస్, రాగ్‌టైమ్, బ్యాండు బాజా అన్నీ కలిసి కొత్త సంగీతం అయింది.

బ్లూస్ అంటే ముఖ్యంగా కష్టం పాట. ఒక చరణం పాడి, అదే మళ్లీ పాడి, మూడోసారి దానికి జవాబు చెప్తారు. జాజ్‌లో ఇంకో రెండు గుణాలు కలిశాయి. ఒకటి, దెబ్బ పడాల్సిన చోట కాకుండా రెండు దెబ్బల నడుమ ఖాళీలో పడుతుంది. వినేవాడి కాలు తనంతట తానే కదులుతుంది. రెండోది, పాట వరస అందరికీ ఒకటే అయినా ఒక్కొక్కరి వంతు వచ్చినప్పుడు అప్పటికప్పుడు తన మాట తాను అల్లుకుంటాడు. గుంపు తాళం వదలదు, మనిషి తన గొంతు వదలడు.

తొలి జాజ్ వీరుడిగా చెప్పుకునే బడ్డీ బోల్డెన్ 1877లో పుట్టాడు. ఆయన బాకా ఊదితే చాలా దూరం వినిపించేదని జనం కథలుగా చెప్పుకున్నారు. 1907లో ఆయన్ని మానసిక వైద్యశాలలో చేర్చారు, 1931లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన వాయించింది ఒక్కటీ మనకు రికార్డుగా మిగల్లేదు.

రికార్డు మీద పేరు ఎవరిది

1917 ఫిబ్రవరి 26న జాజ్ తొలి రికార్డు తయారైంది. దాన్ని వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్. ఆ బ్యాండులో ఐదుగురూ తెల్లవాళ్లే. బాగా అమ్ముడుపోయింది. ఆ బ్యాండు నాయకుడు నిక్ లారోకా ఆ సంగీతాన్ని తామే పుట్టించామని, నల్లవాళ్లకు అందులో పాత్ర లేదని తర్వాత వాదించాడు. బోల్డెన్ గొంతు మట్టిలో కలిసింది, లారోకా గొంతు రికార్డు మీద నిలిచింది. ముందు వాయించిన వాడి కన్నా ముందు రికార్డు చేసిన వాడి మాట చెల్లింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1923లో కింగ్ ఆలివర్ బృందం రికార్డులు చేసింది. అందులో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నాడు. 1901లో న్యూ ఆర్లీన్స్‌లో కడు పేదింట్లో పుట్టి, నల్లజాతి బాలుర సంరక్షణ గృహంలోని బ్యాండులో బాకా నేర్చిన మనిషి. 1925 నుంచి ఆయన హాట్ ఫైవ్ పేరుతో చేసిన రికార్డులు జాజ్ నడకనే మార్చాయి. హాస్టల్ పిల్లలకు చదువు చెప్పే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ గృహంలో ఒక బ్యాండు లేకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్ ఏమయ్యేవాడో ఎవరు చెప్పగలరు?

అప్పటికే లక్షల మంది నల్లవాళ్లు దక్షిణాది విడిచి చికాగో, న్యూయార్క్ నగరాలకు పనికి పోతున్నారు. వాళ్లతో జాజ్ కూడా పోయింది. 1940లలో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వంటివాళ్లు దాన్ని చిందు కోసం కాకుండా కూర్చుని వినాల్సిన వేగమైన, కఠినమైన సంగీతంగా మార్చారు. 1959లో మైల్స్ డేవిస్ దాన్ని మళ్లీ నెమ్మది చేశాడు. జాజ్ ఏ తరంలోనూ ఒకే చోట నిలబడలేదు.

అది అన్యాయాన్ని చూసి నోరు మూసుకోనూ లేదు. నల్లవాళ్లను కొట్టి చంపి చెట్లకు వేలాడదీసే దారుణం మీద 1939లో బిల్లీ హాలిడే పాడింది. 1957లో లిటిల్ రాక్ ఊళ్లో నల్ల పిల్లల్ని బడిలోకి రానివ్వనప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభుత్వం తరఫున సోవియట్ యూనియన్‌కు పోనన్నాడు. 1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోతే జాన్ కోల్ట్రేన్ మాట లేకుండా శాక్సఫోన్‌తోనే ఏడ్చాడు.

ఈ సంగీతం మన దేశానికీ వచ్చింది. 1930లలో లియోన్ అబ్బీ, టెడ్డీ వెదర్‌ఫర్డ్ వంటి నల్లజాతి కళాకారులు బొంబాయి తాజ్ హోటల్లో వాయించారు. వాళ్ల దగ్గర విని నేర్చిన గోవా కళాకారులు దాన్ని హిందీ సినిమా పాటల్లోకి తెచ్చారు. 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం భారతదేశంలో పర్యటించింది. హోటలు మెట్ల మీదుగా వచ్చిన ఆఫ్రికా దెబ్బకు మన దేశంలో చప్పట్లు దొరికాయి. ఏసీ గార్డ్స్‌లో ఎప్పటినుంచో ఉన్న ఆఫ్రికా దెబ్బను అలా చూసినవాళ్లు తక్కువ.

కాటన్ క్లబ్, మన స్వాగత ద్వారం

ఎల్లింగ్టన్ 1927 నుంచి న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్‌లో వాయించాడు. వేదిక మీద నల్లవాళ్లు, కుర్చీల్లో తెల్లవాళ్లు. నల్లవాడు టికెట్ కొని లోపలికి పోయి కూర్చోవడానికి వీల్లేదు. వేదికను అడవిలా, తోటలా అలంకరించేవాళ్లు. నల్లవాళ్లు అడవి మనుషులన్నట్టు నాట్యాలు కూర్చేవాళ్లు. ఎల్లింగ్టన్ సంగీతానికి కూడా అడవి శైలి అని పేరు పెట్టారు. ఆయన మాత్రం ఆ వేదిక మీదే గొప్ప సంగీతం కూర్చాడు.

ఇది చదువుతుంటే మనకు ఏమి గుర్తొస్తుంది? పెద్దమనిషి కారు దిగే చోట నెమలి ఈకల టోపీలతో వరసగా నిలబెట్టిన మన గుస్సాడీలు గుర్తొస్తారు. కొమ్ములు కట్టుకుని ఎండలో రెండు గంటలు ఎదురుచూసే కోయ అన్నలు, ధింసా ఆడే అరకు అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు. గుస్సాడీ దండారి పండుగ రోజులది. ఏత్మాసూర్ పేన్‌కు మొక్కి, దీక్ష పట్టి, స్నానం కూడా మాని ఊరూరా తిరిగే ఆట. దాన్ని ఏ నెలలోనైనా, ఎవరికైనా స్వాగతంగా మారిస్తే ఆటలోని పేన్ ఎటు పోవాలి?

వేదిక ఎక్కడం తప్పని మనం అనడం లేదు. మార్లవాయికి చెందిన కనక రాజు గుస్సాడీని ఢిల్లీ వేదికల దాకా తీసుకుపోయారు, 2021లో పద్మశ్రీ పొందారు. కోయ కుల చరిత్రలను కంచుతాళం, కంచుమేళంతో చెప్పిన కూనవరం సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొందారు. ఇద్దరూ 2024లో మనల్ని విడిచిపోయారు. వాళ్లు వేదిక ఎక్కినా వాళ్ల చేతిలోని కథ వాళ్లదిగానే ఉంది. ఆట ఎప్పుడు ఆడాలి, ఎంత ఆడాలి, ఏది దాచుకోవాలి అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

అమెరికా మూలవాసుల మాట

జాజ్ కథలో అమెరికా ఆదివాసుల పాలు కూడా ఉంది. అక్కడి ప్రభుత్వం 1883 నుంచి వాళ్ల పూజలను, నాట్యాలను నేరాలుగా చూసింది. అయినా ఓక్లహోమాలో 1922లో పుట్టిన ఆస్కార్ పెటిఫోర్డ్, చోక్టా, చెరోకీ, నల్లజాతి రక్తం కలిసినవాడు, జాజ్ బాస్ వాద్యంలో గొప్పవాడయ్యాడు. కా, మస్కోగీ తెగలకు చెందిన జిమ్ పెప్పర్ శాక్సఫోన్ నేర్చి జాజ్‌లోకి వచ్చాడు. తోటి కళాకారులు నీ జనం పాట ఎందుకు వాయించవని ప్రోత్సహించారు. తాత దగ్గర నేర్చిన ప్రార్థన పాటను ఆయన జాజ్‌లో కలిపాడు. 1969లో ఆ పాట అమెరికా రేడియోలలో మోగింది. తాత పాట నేర్చుకుని ఉన్నాడు కాబట్టే ఆయన చేతిలో కొత్త వాద్యం కొత్త మాట చెప్పింది. తాత పాట రాకపోతే వందమందిలో ఒకడయ్యేవాడు.

మన చేతిలో ఉన్నది

కర్ణాటకలో సిద్దీలను 2003లో షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. మన రాష్ట్రంలో సిద్దీలు, హబ్షీలు వెనుకబడిన తరగతుల్లో బీసీ ఈ జాబితాలో ఉన్నారు. రాష్ట్రం మారితే జాబితా మారుతుంది, డోలు మాత్రం అదే. ప్రభుత్వ జాబితా ఒక జనం చరిత్రను కాపాడదు. ఆ పని ఆ జనమే చేసుకోవాలి.

జాజ్‌కు ఉన్నదేమిటి, మర్ఫాకు లేనిదేమిటి? నల్లవాళ్లకు సొంత చర్చిలు, సొంత పత్రికలు, సొంత కళాశాలలు ఏర్పడ్డాయి. తమ సంగీతం గురించి తామే రాసుకున్నారు, లారోకా మాటను కాదన్నారు. ఏసీ గార్డ్స్ జనం చేతిలో దెబ్బ ఉంది, దాని గురించి వాళ్లే రాసిన పుస్తకం మన బడుల్లో లేదు. మన పరిస్థితి ఈ రెండింటి నడుమ ఉంది. మనకు లిపి వచ్చింది, మనవాళ్లు టీచర్లయ్యారు, ప్రతి జేబులో రికార్డు చేసే ఫోన్ ఉంది. కానీ పెళ్లిలో డోలు పోయి డీజే పెట్టె వచ్చింది. పర్ధాన్ల కీక్రి వినిపించే ఇళ్లు తగ్గుతున్నాయి. మన పాటను ఎవరో వచ్చి రికార్డు చేసి, జానపదం అని పేరు పెట్టి, పాడినవాళ్ల పేరు లేకుండా ఫోన్లలోకి వదులుతున్నారు. 1917 మన దగ్గర రోజూ జరుగుతోంది.

అందుకే ఉపాధ్యాయులుగా మనం మన బడి నుంచే మొదలుపెట్టవచ్చు. పిల్లలతో ఊళ్లోని పెద్దల డోలు దెబ్బలను ఫోన్లో రికార్డు చేయించాలి. ప్రతి దానికీ వాయించినవాళ్ల పేరు, ఊరు, గోత్రం, తేదీ, ఏ సందర్భంలో వాయిస్తారు అన్నది వాళ్ల భాషలోనే రాయించాలి. రికార్డు చేసే ముందు అడగాలి. కొన్ని దెబ్బలు పేన్ ముందు తప్ప మోగకూడదు, వాటిని వదిలేయాలి. దెబ్బ వినడంతో సరిపెట్టకుండా పిల్లల చేతికి డోలు ఇవ్వాలి. గోండు పిల్లలకు కోయ దెబ్బ, కోయ పిల్లలకు సవర దెబ్బ వినిపించాలి. కొత్త పాట కట్టుకుంటామంటే వద్దనకూడదు. గిటారు పట్టినా, కీబోర్డు పట్టినా ముందు తాత పాట వచ్చి ఉండాలి, అంతే.

హైదరాబాద్ విహారయాత్రకు పిల్లల్ని తీసుకొస్తే చార్మినార్, జూపార్కుతో పాటు మాసబ్ ట్యాంక్ మ్యూజియం చూపిద్దాం. అక్కడి అద్దం వెనుక డోలును చూసి, ఇది మన ఊళ్లో ఇంకా మోగుతోందా అని వాళ్లను అడుగుదాం. బయటికి వచ్చాక ఏసీ గార్డ్స్ అన్న బోర్డు చూపించి ఆ పేరు వెనుక ఎవరున్నారో చెప్దాం. ఆ రెండింటికీ జవాబు తెలిసిన పిల్లలు తమ డోలును ఇతరుల చేతికి ఊరికే ఇవ్వరు.